అమ్మాకూతుళ్లం కలిసి కలంకారీ వేస్తున్నాం: నల్ల గీత పాకుతోంది, ఎరుపు మచ్చలు మచ్చలుగా పడుతోంది

కుంకుడుచెట్టు (ప్రశ్న):

నమస్తే అండీ. నేనూ, పదకొండేళ్ల మా అమ్మాయీ కలిసి "సృష్టి, ప్రకృతి" మీద మీటరు గుడ్డంత బొమ్మ వేద్దామనుకున్నాం. శ్రీకాళహస్తి పద్ధతిలో, అచ్చులు లేకుండా, కలంతోనే. అసలు గుడ్డ ఇంకా ముట్టుకోలేదు. జానెడు ముక్కల మీద ఇలా చేసి చూశాం:

కోరా గుడ్డ రెండుసార్లు సబ్బుతో ఉతికాం. కరక్కాయ పొడి 40 గ్రాములు, కాచి చల్లార్చిన ప్యాకెట్ పాలు (టోన్డ్) అర లీటరు, నీళ్లు అర లీటరు కలిపి ఒక పూట ఉంచి, అందులో ముంచి నీడన ఆరేశాం. కసిం (నల్ల గీతలకి వాడే పులియబెట్టిన ఇనుప నీళ్లు) కోసం 2 లీటర్ల నీళ్లలో పావుకిలో కొత్త మేకులు, 200 గ్రాముల బెల్లం వేసి ప్లాస్టిక్ సీసాలో పెట్టాం. ఎనిమిది రోజులైంది. ఎరుపు కోసం, రంగుని గుడ్డకి పట్టించే పటిక నీళ్లు పూసి, నాలుగు గంటలాగి, బేసిన్‌లో జాడించి, మంజిష్ఠ పొడిలో గంటసేపు తెర్లించాం.

వచ్చిన తంటాలు: గీత కాగితం మీద సిరా పాకినట్టు పాకుతోంది. రంగు నలుపు కాదు, టీ డికాషన్‌లా ఉంది. ఎరుపు ఒకచోట ముదురు, ఒకచోట లేత, మొత్తం మీద ఇటుక గోధుమ. ఖాళీగా ఉండాల్సిన చోటంతా గులాబీ.

ఇంకోటి, బొమ్మ ఏది వేయాలి, ఇద్దరం పని ఎలా పంచుకోవాలి? అమ్మాయికి వటపత్రశాయి మీద మనసుంది. నీళ్లు, మర్రాకు, బాలకృష్ణుడు. ఐదారు వారాల సెలవులున్నాయి.


స్వర్ణముఖి ఒడ్డు:

తంటాలు నాలుగనిపిస్తున్నా తప్పులు రెండు చోట్లే ఉన్నాయి: పాలలో, ఓపికలో. వరసగా చెప్తాను.

గుడ్డ. సబ్బుతో రెండు ఉతుకులకి మిల్లు గంజి పోదు. ఉడుకు నీళ్లలో రాత్రంతా నానేసి, పొద్దున బండమీద బాది జాడించాలి. ఒక నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా నిలబడితే గంజి ఉన్నట్టే, వెంటనే ఇంకిపోతే గుడ్డ సిద్ధం. కాళహస్తిలో దీని తర్వాత పేడనీళ్లలో ఒక రాత్రి ఉంచి, ఎండలో వేసి తెలుపు తెస్తారు. మీరు మొదటిసారి కాబట్టి ఇక్కడ అది వదిలేసినా ఫర్వాలేదు. ఎరుపు తర్వాత మాత్రం తప్పదు.

పాలు. గీతని ఆపేది పాలలోని కొవ్వూ, మాంసకృత్తూ. టోన్డ్ పాలలో కొవ్వు సగానికి సగం తక్కువ, మీరు దానికి సమానంగా నీళ్లు పోశారు, ఇక గీత ఆగమంటే ఎక్కడ ఆగుతుంది? పైగా కాచిన పాలలో మీగడ తరకలు గుడ్డ మీద అక్కడక్కడా అంటుకుని, ఆ చోట కలం జారిపోతుంది. గీత ఒకచోట పాకి, రెండంగుళాల తర్వాత తెగితే అది మీగడ పనే. కాచని గేదె పాలు తెచ్చుకోండి. దొరక్కపోతే ఫుల్ క్రీమ్ ప్యాకెట్, కాచకుండా.

మీటరు గుడ్డకి (44 అంగుళాల పన్నా) గింజ తీసి దంచిన కరక్కాయ పొడి 40 గ్రాములు చాలు. దాన్ని 200 మిల్లీలీటర్ల నీళ్లలో రెండు గంటలు నానేసి, పల్చటి గుడ్డలో వడగట్టండి. గరుకు రవ్వ ఉండిపోతే అదే మచ్చ అవుతుంది. గుడ్డ ముంచబోయే ముందు మాత్రమే 300 మిల్లీలీటర్ల పాలు కలపండి. ముందే కలిపి పెడితే కరక్కాయ వగరుకి పాలు విరుగుతాయి. మీరు ఒక పూట ఉంచారు కాబట్టి అదే జరిగింది. ముంచాక పది నిమిషాలు గుడ్డని చేత్తో ఆడిస్తూ ఉండాలి. తర్వాత ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, ఒకరు ఎడమకి ఒకరు కుడికి మెలితిప్పి పిండండి. ఒక్కరే పిండితే ఒకచోట తడి నిలిచి అక్కడ పసుపు చారలు కడతాయి. పిండాక ఒకసారి విదిలించి, మండుటెండలో, మడత పడకుండా పరిచి ఆరేయండి. నీడన ఆరితే పాలు పులిసి కంపు కొడతాయి, బూజు పడుతుంది. ఆరాక మళ్లీ నీటి చుక్క వేయండి: ఈసారి రెండు మూడు క్షణాలు నిలబడి ఆ తర్వాత ఇంకాలి. అసలు ఇంకకపోతే పాలు ఎక్కువైనట్టు, రంగు లోపలికి దిగదు, ఉతుకులో పోతుంది.

ఈ గుడ్డకి చీమలు పడతాయి. చుట్టి, తీగ మీద వేలాడదీయండి. బీరువాలో పెడితే బొద్దింకలు అంచులు కొరుకుతాయి.

కసిం. ఎనిమిది రోజులు చాలదండీ. ఎండాకాలమైతే 15 రోజులు, చలికాలమైతే 20 దాటుతుంది. కొత్త మేకులు తెల్లగా మెరుస్తుంటే వాటి మీద జింకు పూత ఉండి ఉంటుంది, ఆ పూత కరిగేదాకా లోపలి ఇనుము బయటికి రాదు. వాటిని కాల్చి పూత పోగొడదామనుకోకండి, ఆ పొగ మంచిది కాదు. కమ్మరి దగ్గర తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, పాత లాడాలు అడగండి. 2 లీటర్ల నీళ్లకి ఇనుము పావుకిలో నుంచి అరకిలో, చెరకు బెల్లం 100, తాటిబెల్లం 100 గ్రాములు. మట్టికుండ మేలు. మూతికి గుడ్డ కట్టండి. ప్లాస్టిక్ సీసా మూత బిగించి పెడితే లోపల గాలి చేరి ఒకరోజు పేలుతుంది. రోజూ ఒకసారి కర్రతో తిప్పాలి. మొదట నురుగు కడుతుంది, నురుగు ఆగి, పులుపువాసన వచ్చి, పైన తేట గోధుమరంగు నీరు నిలిస్తే అయినట్టు.

ఆ నీరు నల్లగా ఉండదు, అది గమనించండి. కరక్కాయ పట్టిన గుడ్డని తాకాకే నలుపు పుడుతుంది. అమ్మాయికి చూపించాల్సింది ఇదే: తెల్లకాగితం మీద గీస్తే టీ మరక, పక్కనే కరక్కాయ గుడ్డ మీద గీస్తే ముందు బూడిద, చూస్తుండగానే నలుపు. సృష్టి అనే అంశానికి ఇంతకన్నా మంచి పాఠం ఏం కావాలి! పొడవాటి పరీక్షముక్క ఒకటి పెట్టుకుని పదో రోజు నుంచి రోజుకో గీత గీసి పక్కన తేదీ వేయండి. నలుపు ఇక పెరగని రోజున వడగట్టండి.

ఇంకా నల్లగా కావాలని మళ్లీ మళ్లీ ఇనుము కలపకండి. ఎక్కువైన ఇనుము కాలం గడిచేకొద్దీ గుడ్డని తినేస్తుంది. పాత కలంకారీ గుడ్డల్లో ఎరుపు చెక్కుచెదరకుండా ఉండి, నల్ల గీతలున్న చోటే గుడ్డ చిరిగి ఉండడం అందుకే.


పెడన అచ్చు:

నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎరుపు ఇటుకరంగుకి తిరగడానికి సగం కారణం అదే అయ్యుంటుంది. ఒక గాజు గ్లాసులో మీ కుళాయి నీళ్లు తీసుకుని చెంచాడు కరక్కాయ తేట వేయండి. నీరు పసుపుగానే ఉంటే మంచిది. నీలి నలుపుకి తిరిగిందా, మీ బోరు నీళ్లలో ఇనుము ఉంది. ఆ నీళ్లతో ఏ ఎరుపైనా మసకబారుతుంది. ఎరుపు కాగుకి (గుడ్డని ఎర్రరంగు నీళ్లలో కాచడానికి) మటుకు ఆర్వో నీళ్లో వాననీళ్లో వాడండి. పాత్ర కూడా రాగిదో స్టీలుదో కావాలి, ఇనుప కడాయి వద్దు.

ఇక పటిక. పావు లీటరు గోరువెచ్చని నీళ్లకి 25 గ్రాములు. పూసిన తర్వాత నాలుగు గంటలు కాదు, నిండా ఒక పగలూ ఒక రాత్రీ ఉండాలి. రెండు రోజులైతే ఇంకా మేలు. పటిక నీళ్లకి రంగు ఉండదు కాబట్టి ఎక్కడ పూశారో తెలియక మీకు ముదురు, లేత వచ్చి ఉంటుంది. అందులో చిటికెడు మంజిష్ఠ పొడి వేసి వడగట్టి వాడితే లేతరంగు తేలి, పూసిన చోటు కనబడుతుంది. మా అచ్చులపనిలో పటికకి తుమ్మబంక కలుపుతాం. కాళహస్తి వాళ్లు ముఖం చిట్లిస్తారేమో గానీ, పిల్లలు పూసేటప్పుడు పావు లీటరుకి రెండు చెంచాల బంక కలిపితే గీత దాటి పాకదు.

బేసిన్‌లో జాడించడమే మీ గులాబీకి మూలం. వదిలిన పటిక నిలవ నీళ్లలో తిరిగి తిరిగి ఖాళీ జాగాలో కూర్చుంటుంది. అక్కడా ఎరుపు పడుతుంది. పారే నీళ్లు కావాలి. ఏరు లేకపోతే కుళాయి కింద, గుడ్డని మడవకుండా నిలువుగా పట్టుకుని పైనుంచి కిందికి 15 నిమిషాలు. చేత్తో రుద్దొద్దు.

కాగు: మీటరుకి మంజిష్ఠ 80 గ్రాములు, దొరికితే ఎరుపునిచ్చే సురుడు చెక్క పొడి 40 గ్రాములు, నీళ్లు 7 లీటర్లు. పొడి రాత్రే నానాలి. గుడ్డని చల్లటి నీళ్లలోనే వేసి, సన్నని సెగ మీద మెల్లగా వేడి ఎక్కించండి. చెయ్యి పెట్టలేనంత వేడికి వచ్చాక మంట తగ్గించి గంటసేపు అలాగే. తెర్లనివ్వకండి, మంజిష్ఠలోని గోధుమరంగు అప్పుడే బయటికి వస్తుంది. కర్రతో ఆపకుండా తిప్పుతూ ఉండాలి. ఇరుకు గిన్నెలో కుక్కితే మడతల దగ్గర మచ్చలు ఖాయం.


రంగులరాట్నం:

బొమ్మ గురించి నా మాట. వటపత్రశాయి వద్దనను గానీ, ముందు ఈ లెక్క చూడండి. కాళహస్తి ఆనవాయితీలో దేవుళ్ల ఒంటికి నీలం, ఆడవాళ్లకి పసుపు, రాక్షసులకి ఎరుపో ఆకుపచ్చో. బాలకృష్ణుడంటే నీలం కావాలి, చుట్టూ ప్రళయజలమంటే ఇంకా నీలం కావాలి. ఇంట్లో కుదుర్చుకోవడానికి అన్నిటికన్నా కష్టమైన రంగు నీలమే. నీలిమందు ఊరికే నీళ్లలో కరగదు. సున్నం, తగిరిస అనే మొక్క గింజలతో పులియబెట్టి తొట్టి కట్టాలి, అందులోంచి తీసి కలంతో పూసేలోపే గాలి తగిలి మళ్లీ కరగని నీలంగా మారిపోతుంది. మొదటి పనికే ఇంత బరువెందుకు?

మీ చేతిలో ఉన్న రంగులు నలుపు, ఎరుపు, పసుపు, బూడిద ఊదా, ముదురు పాచి ఆకుపచ్చ. వీటితో కుదిరే సృష్టిబొమ్మ ఆ ఊరిపేరులోనే ఉంది: శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మధ్యలో కల్పవృక్షంలా ఒక పెద్ద మారేడు చెట్టు. కొమ్మల్లో సాలెగూడు, వేళ్లలో చుట్టుకున్న పాము, పక్కన తొండంతో నీళ్లు తెస్తున్న ఏనుగు, అడుగున స్వర్ణముఖి పాయ. నీటికి నీలం అక్కర్లేదు, అలలు నల్లగీతలతో వేస్తే చాలు. మధ్యలో చేపలు ఎరుపు.

కొలతలు: అంచు చుట్టూ 3 అంగుళాలు. చెట్టు మొదలు 4 అంగుళాల వెడల్పు తగ్గకూడదు, సన్నగా వేస్తే చుట్టూ ఆకులు పడ్డాక మొదలు కనపడదు. ఏనుగు ఎత్తు గుడ్డ ఎత్తులో నాలుగో వంతు. ముందు చింతబొగ్గుతో గీసుకోండి: వేలు లావు చింతపుల్లలు కాల్చి, నిప్పుగా ఉన్నప్పుడే ఇసకలో కప్పేస్తే మెత్తటి బొగ్గు వస్తుంది. తప్పయితే గుడ్డతో దులిపేయవచ్చు. పెన్సిలు వాడకండి, అది పోదు.

కలం చేసుకోవడం: జానెడు వెదురుపుల్లని చివర అంగుళంన్నర మేర చెక్కి మొనతేల్చాలి. మొనకి అంగుళం పైన ఉన్ని పీలికని కుంకుడుకాయ లావున చుట్టి, నూలుదారంతో అడ్డదిడ్డంగా బిగించాలి. నూలుగుడ్డ చుడితే అది నీళ్లని బిగపట్టదు, ఒక్కసారే కారిపోతుంది. అమ్మాయి చేతికి తగ్గట్టు ఆమె కలం కాస్త పొట్టిగా చేయండి. పటిక పూయడానికి మొన మొండిగా, గుండ్రంగా ఉన్నది వేరే ఉండాలి. నలుపు కలం పటికలో ముంచితే ఎరుపంతా పోయినట్టే. ఒక్కో కలానికి ఒక్కో రంగుదారం కట్టుకోండి.

పని పంచుకోవడం: "ఏనుగు నీది, పాము నాది" అని బొమ్మల వారీగా పంచుకోకండి. రెండు చేతుల గీత లావు వేరు, అది గుడ్డ మీద ఇట్టే తెలిసిపోతుంది. పనుల వారీగా పంచుకోండి. పెద్ద ఒంపులు, అంటే మొదలు, ఏనుగు వీపు, పాము చుట్లు ఒకరివి. లోపలి నింపుడు, అంటే ఆకు ఈనెలు, పాము పొలుసులు, ఏనుగు మీది అల్లిక, అంచులో లతలు అమ్మాయివి. చిన్నగీతలకి కలంలో తడి తక్కువ చాలు, కాబట్టి పాకే ప్రమాదమూ తక్కువ. సాలెగూటి పోగులు నడుమనుంచి బయటికి, ఒక్కో పోగు ఒక్క ఊపులో లాగాలి. మధ్యలో ఆపితే అక్కడ చుక్క దిగుతుంది. ప్రతిసారీ కలం ముంచాక మొదటి తాకిడి పక్కనున్న పాతగుడ్డ మీద వేసి, ఆ తర్వాతే అసలు గుడ్డ మీదికి రావాలి. గుడ్డ కింద మడిచిన దుప్పటి ఉండాలి, గట్టి బల్ల మీద పెడితే అడుగున చేరిన తడి పక్కకి పాకుతుంది.

అమ్మాయి గీసిన గీత వంకరగా ఉందని మీరు దాని మీద మళ్లీ గీయకండి. కసిం రెండు పూతలైతే అక్కడ లావెక్కి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.


కుంకుడుచెట్టు:

చాలా సంతోషమండీ. సాలీడు, పాము, ఏనుగు అనగానే అమ్మాయి ఒప్పేసుకుంది. మూడు సందేహాలు. ఏనుగుకి బూడిదరంగు ఎప్పుడు వేయాలి? మాది మూడో అంతస్తు, పేడనీళ్లు ఎలా? పొరపాటున నల్లచుక్క పడితే చెరిపే దారేమైనా ఉందా?


నీలాకాశం (డాలస్ నుంచి):

పేడ గురించి అడిగారు కాబట్టి. ఇక్కడ మాకు అసలే దొరకదు. గోధుమపొట్టు నీళ్లలో వేసి కాచి వడగట్టి, ఆ నీళ్లలో గుడ్డని అరగంట వెచ్చగా ఉంచి జాడించి, తడితడిగా ఎండలో పరుస్తాం. తెల్లబడటం నెమ్మదే గానీ గులాబీ దిగుతుంది. కాచని పాలు దొరకని వాళ్లకి ఇంకో మాట: సోయా గింజలు రాత్రంతా నానబెట్టి రుబ్బి తీసిన పాలు కూడా గీతని ఆపుతాయి, మాంసకృత్తు ఎక్కువ కదా. అదేరోజు వాడేయాలి.


స్వర్ణముఖి ఒడ్డు:

ఏనుగు. కసింని నాలుగింతల నీళ్లతో పలచన చేసి ఎరుపుకాగు కంటే ముందే పూయండి. పూసినప్పుడు బూడిద. మంజిష్ఠలో కాగాక ఆ పలచటి ఇనుము ఎరుపుని పట్టుకుని ఊదా వైపు తిరుగుతుంది. పాతకాలం గుడ్డల్లో ఊదారంగు ఇలా వచ్చిందే. మచ్చు ముక్క మీద చూసుకుని నచ్చితేనే వేయండి. కాగు అయ్యాక బూడిద పూద్దామంటే కుదరదు, అప్పటికి గుడ్డలో కరక్కాయ వగరు పోయి ఉంటుంది.

ఒక హెచ్చరిక. నలుపు గీశాక పటికకి ముందు గుడ్డ ఉతికేద్దామనిపిస్తుంది. ఉతక్కండి. పాలపట్టు పోయి పటిక పాకుతుంది. నలుపు ఒకరోజు ఆరనిచ్చి, దాని మీదే పటిక పూసి, అన్నీ కలిపి ఒకేసారి పారేనీళ్లలో.

పేడ. బకెట్ నీళ్లకి అరకిలో పచ్చి పేడ. గడ్డిపరకలు పోయేలా వడగట్టి, ఎరుపు కాగిన గుడ్డని రాత్రంతా ఉంచి, పొద్దున జాడించి, మేడమీద పరిచి, ఆరుతున్నప్పుడల్లా నీళ్లు చల్లుతూ ఉండాలి. ఎండ ఒక్కటే చాలదు, తడి మీద ఎండ పడాలి. రెండు మూడు రోజులు పడుతుంది. వాసన సాయంత్రానికి పోతుంది. పక్కింటివాళ్లకి ముందే చెప్పి పెట్టుకోండి.

తెల్లబడ్డాక మళ్లీ పాలు పట్టాలి. ఈసారి కరక్కాయ లేకుండా, సగం పాలు సగం నీళ్లు. ఆరాక పసుపు. దానిమ్మ తొక్క 100 గ్రాములు అర లీటరు నీళ్లలో వేసి సగానికి మరిగించి, వడగట్టి, 5 గ్రాముల పటిక కలపండి. ఆకులన్నిటికీ ఇదే పూత. ఆరాక కొన్ని ఆకుల మీద పలచటి కసిం ఇంకో పూత వేస్తే పాచి ఆకుపచ్చ వస్తుంది, దానిమ్మలోనూ వగరు ఉంది కాబట్టి. కసిం పదింతలు పలచన చేయండి, లేకపోతే ఆకులు కాస్తా కాకులవుతాయి. వంటింటి పసుపు మాత్రం వాడకండి. మొదటిరోజు కళ్లు చెదురుతుంది, ఎండలో వెలిసిపోతుంది.

నల్లచుక్క. పడ్డ వెంటనే అయితే నిమ్మరసం దూదితో అద్ది, పక్కకి పాకకుండా ఇంకో దూదితో పీల్చేయండి. నలుపు తగ్గుతుంది. అయితే ఆ చోట కరక్కాయా దెబ్బతింటుంది, పటికా సరిగా పట్టదు. ఖాళీ జాగాలో పడితేనే ఈ పని చేయండి. చెట్టులో పడితే చుక్కని కాయ చేసేయండి, నీళ్లలో పడితే చేపకన్ను. ఎండిపోయిన చుక్క జోలికి పోవద్దు, రుద్దితే గుడ్డే చిరుగుతుంది.

కాగు దగ్గరా, కసిం వడగట్టేటప్పుడూ మీరే ఉండండి. అమ్మాయికి పాత బట్టలు వేయండి. కరక్కాయ తడి ఉన్న చేత్తో కసిం ముట్టుకుంటే వేళ్లు నల్లబడి ఒకటి రెండు రోజులు పోవు, కంగారు పడక్కర్లేదు.

అంతా అయ్యాక కుంకుడురసంతోనే ఉతకండి, డిటర్జెంటు సోడాకి ఎరుపు రంగు తిరుగుతుంది. నీడన ఆరేసి, వెనకవైపు నుంచి ఇస్త్రీ చేయండి. గోడకి పెట్టేటప్పుడు పడమటి కిటికీకి ఎదురుగా కాకుండా చూసుకోండి. ఎర్రని చేపలు తట్టుకున్నా దానిమ్మ ఆకులు రెండు వేసవులకి పాలిపోతాయి.


పెడన అచ్చు:

ఒక సవరణ: తుమ్మబంక కలిపిన పటిక అయితే కాగుకి ముందు జాడించడం 15 నిమిషాలు చాలదు. వేలితో తడిమితే జిడ్డు తగలనంత వరకు, అరగంట పట్టవచ్చు. బంక మిగిలిన చోట ఎరుపు పెచ్చులుగా లేస్తుంది.